త్యాగయ్య గాత్రము ఎవరిది?

1946వ సంవత్సరము నవంబరు నెలలో 'త్యాగయ్య' చిత్రము విడుదలైనది. నిర్మాణము, దర్శకత్వము, సంగీతము, నాయకపాత్ర, ఆ పాత్రకు వలసిన పాట, ఇన్నింటిని చిత్తూరు వి. నాగయ్యగారు ఒక్కరే తలకెత్తుకొన్నారు. అదే యేడు, ఇంచుమించు అవే దినములలో, అమెరికా దేశమున 'ది జోల్సన్ స్టోరీ' అను చిత్రము వెలువడినది. అది ఆల్ జోల్సన్ అను ప్రసిద్ధగాయకుని జీవితకథ. జోల్సన్ అప్పటికి జీవించియే ఉన్నాడు; కాని నాయకపాత్ర ధరింపదగిన వయస్సు దాటినవాడు. అందుచేత లారీ పార్క్స్ అను యువనటుడు తెరపై పెదవులు కదపగా, తెరవెనుకనుండి జోల్సనే పాడినాడు. ఒకదానిలో గాత్రము నిజము, దేహము మరియొకరిది. రెండవదానిలో దేహము, గాత్రము రెండును మరియొకరివే. త్యాగరాజుదిగా మిగిలినది కృతి యొక్కటియే.

గాయకుని జీవితమును తెరకెక్కింపబూనిన వారికి ఈ రెండు అవస్థలలో ఏదో ఒకటి తప్పదు. వీరుని కథలో నటుడు కత్తి తిప్పిన చాలును. ఆ కత్తికి పదునున్నదా లేదా అని చూచువారు అడుగరు. కవి కథలో పద్యము చదివిన చాలును. గాయకుని కథలో మాత్రము ప్రేక్షకుడు కన్నులతోపాటు చెవులను గూడ వెంట తెచ్చుకొనును. దేశమంత పేరు వడసిన గానము ఇదియేనా అని ఆ చెవులు పరీక్షించుచునే యుండును. తెలుగువారు వాగ్గేయకారుల చరిత్రలను పలుమారులు చిత్రములుగా తీసినారు. వానిలో ఏది నిలిచినది, ఏది నిలువలేదు అని విచారించినచో, నిర్ణయము తరచుగా వేషమువద్ద గాక గొంతువద్దనే జరిగినట్లు కనబడును.

త్యాగరాజు 1767లో తిరువారూరులో జన్మించి, తిరువైయారులో జీవించి, 1847 జనవరిలో సిద్ధిపొందినాడు. తండ్రి రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. సంగీతమున గురువు తంజావూరి ఆస్థానవిద్వాంసుడు శొంఠి వేంకటరమణయ్య. ఇంతవరకు వివాదము లేదు. దీనిపై తెలిసినదెల్ల శిష్యులద్వారా వచ్చినదే. వాలాజాపేట వేంకటరమణ భాగవతారును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారును గురువును గూర్చి వ్రాసిపెట్టిన విషయములు, వారు తాళపత్రములలోను కాగితములలోను భద్రపరచిన కృతులు తొలి ఆధారములు. త్యాగరాజు గొంతు ఎట్టిదో చెప్పగల యంత్రము ఆయన కాలమునకు పుట్టలేదు. ఫోనోగ్రాఫు వచ్చినది ఆయన పోయిన ముప్పది యేండ్లకు. ఈనాడు ప్రతి సంగీతసభలో కనబడు త్యాగరాజ చిత్రపటము 20వ శతాబ్దిలో ఎస్. రాజం గారి కుంచెనుండి వెలువడినది. తిరువైయారు సమాధిమందిరము సంగతియు ఇట్టిదే. బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ యావదాస్తిని ధారవోసి 1925లో దానిని ప్రతిష్ఠింపజేయుదాక అది కావేరిగట్టున పాడుపడియున్న బృందావనము.

ముఖము తెలియదు, గొంతు తెలియదు. తెలిసినది సుమారు ఏడువందల కృతులు. వానికి తేదీలు లేవు. ఏ కృతి ఏ వయస్సున పుట్టినదో చెప్పుటకు ఆధారము లేదు. ఐనను కృతులలో ఆవేదన, నిందాస్తుతి, తృప్తి, వైరాగ్యము ఇంత స్పష్టముగా పలుకుచుండగా, వీని వెనుక ఏదో సంఘటన ఉండకపోవునా అని వినువారికి తోచుట సహజము. హరికథకులు ఆ సంఘటనలను సమకూర్చినారు. రాజు కానుకలు పంపగా తిరస్కరించి పాడిన పాట 'నిధి చాల సుఖమా' అని కథ. అన్న జపేశుడు కోపించి పూజావిగ్రహములను కావేరిలో పారవేయగా దుఃఖించి పాడినవి కొన్ని, అవి మరల దొరకినపుడు ఆనందించి పాడినవి కొన్ని అని కథ. ఇవి అసత్యములని త్రోసివేయుటకు వీలులేదు. సత్యములని స్థాపించుటకును వీలులేదు. కృతినిబట్టి కథ పుట్టినదో, కథకై కృతిని ఎన్నుకొన్నారో నూరేండ్లు గడచిన పిదప తేల్చుట దుర్ఘటము.

ఐనను చలనచిత్రమునకు ఇవి వరప్రసాదములు. పాటకు ముందు ఒక దెబ్బ, పాటవలన ఒక ఫలితము దొరకినచో కథ నడచును. 'త్యాగయ్య' చిత్రమునకు సముద్రాల రాఘవాచార్యులుగారు రచన చేసినారు. హరికథలలో స్థిరపడిన క్రమమే దానికిని ఆధారమైనది. అన్న పాత్రను ముదిగొండ లింగమూర్తిగారు ధరించినారు. పగ, ఈర్ష్య గల పాత్రలకు జీవము పోయుటలో ఆయనకు సాటి తక్కువ. ఫలితముగా తెలుగువారి మనస్సులలో జపేశుడు ఒక దుష్టుడుగా నిలిచిపోయినాడు. ఈ విషయమును కొంచెము నిలిచి ఆలోచింపవలసి యున్నది. త్యాగరాజుకు ఏడువందల కృతులు సాక్ష్యము పలుకుచున్నవి. జపేశుడు పాట వ్రాయలేదు, శిష్యులు లేరు, ఆయన మాటను భద్రపరచినవారు లేరు. ఇంటిలో ధనము లేక, వచ్చిన రాజసత్కారమును తమ్ముడు కాలదన్నుచుండగా ఒక గృహస్థు ఏమనుకొనియుండును అను ప్రశ్న కథలో ఎన్నడును పుట్టదు. మహాపురుషుని చరిత్ర వ్రాయునపుడు ఆయన ప్రక్కన నిలిచిన సామాన్యుని పరువు కథకుని చేతిలో నుండును. ఆ పరువును కాపాడిన చిత్రము ఇంతవరకు రాలేదు.

రాజు విషయములోను ఇట్టి అన్యాయమే జరిగినది. కానుకలు పంపినట్లు చెప్పబడు శరభోజి 1798నుండి 1832వరకు తంజావూరి గద్దెపై నున్నాడు. ష్వార్జ్ అను మతబోధకునివద్ద విద్య నేర్చినవాడు. సరస్వతీమహలు గ్రంథాలయమును పెంచి పోషించినవాడు. దేశీయ సంగీతముతోపాటు ఐరోపా వాద్యములనుగూడ ఆస్థానమున ఆదరించినవాడు. ఇట్టివానిని కథ కేవలము బంగారుపళ్లెముగా మార్చినది. నిజమునకు, అట్టి సంస్కారవంతుని పిలుపును కాదనుట దుష్టరాజు పిలుపును కాదనుటకంటె కష్టమైన పని. ఆ కష్టమును చూపగలిగినచో త్యాగరాజు ఇంకను పెద్దవాడుగా కనబడియుండును.

భాషను గూర్చియు ఒక చిక్కు కలదు. త్యాగరాజు ములకనాటి తెలుగు బ్రాహ్మణకుటుంబమున పుట్టినవాడైనను, తరతరములుగా కావేరితీరమున స్థిరపడిన ఇంటివాడు. వీధిలో అరవము, ఇంటిలో దక్షిణాది తెలుగు, కొలువులో మరాఠీ వినబడిన కాలమది. చిత్రములో సంభాషణలన్నియు కృష్ణాగోదావరీ తీరముల శిష్టభాషలో సాగును. వేరుగా తీసియుండినచో తెలుగు ప్రేక్షకులకు దూరమైపోయెడిదేమో. ఐనను తిరువైయారు వీధి తెరపై ఏ గుంటూరు మండలపు అగ్రహారముగానో మారిపోవుటలో, ఆ మహాకవి పరభాషాప్రాంతమున నిలిచి తెలుగున పాడినాడన్న ఆశ్చర్యము కొంత మరుగునపడినది.

ఇన్ని లోపములుండియు 1946నాటి 'త్యాగయ్య' ఎట్లు నిలిచినది? దీనికి సమాధానము నాగయ్యగారి గాత్రము. ఆయన 1904లో గుంటూరుమండలము రేపల్లెలో పుట్టినారు. చిత్తూరు నాటకసమాజమున పాడి ఆడి పేరు తెచ్చుకొని, ఆ ఊరిపేరునే ఇంటిపేరుగా ధరించినారు. 1938లో 'గృహలక్ష్మి'తో చిత్రరంగమున ప్రవేశించి, 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' చిత్రములతో ప్రఖ్యాతులైనారు. 1942లో కె.వి. రెడ్డిగారి 'భక్త పోతన' వచ్చినపుడు ఆంధ్రదేశమున పోతన అనగా నాగయ్యగారే అన్నంత ప్రతిష్ఠ కలిగినది. తరువాత స్వయముగా రేణుకా సంస్థను స్థాపించి 'త్యాగయ్య'కు పూనుకొన్నారు.

ఆయన గొంతు కచేరీ విద్వాంసుని గొంతు కాదు. పై స్థాయిలో మెరుపులు మెరిపింపదు. స్వరకల్పనతో సభను జయింపజూడదు. మంద్రమున కొంచెము తడియారని ధ్వనితో, మాట మాటగా, వినువాడు ప్రక్కనే కూర్చుండి యున్నట్లు పాడును. విద్వాంసులు దీనిని కొరతగా చెప్పవచ్చును. చిత్రమునకు ఇదియే బలమైనది. ఏలయనగా త్యాగరాజు పాడినది సభకు కాదు, పూజామందిరమున శ్రీరామునికి. కచేరీపద్ధతిలో పాడినచో ఆ మందిరము వేదికగా మారును; నాగయ్యగారు పాడగా అది మందిరముగనే ఉన్నది. మరియొక సౌలభ్యము కూడ కలిగినది. ఆ దినముల గ్రామఫోను రికార్డు ప్రక్కకు మూడున్నర నిమిషములకు మించి పలుకదు. చిత్రమున పాటకు దొరకు అవకాశమును దానికి మిక్కిలి హెచ్చు కాదు. రాగాలాపన, నెరవు, స్వరములతో గంటసేపు విస్తరింపదగిన కృతిని పల్లవి, అనుపల్లవి, ఒక్క చరణముగా కుదింపవలసి వచ్చును. కచేరీగాయకుడు పాడినచో ఏదో తెగిపోయినట్లుండును. ప్రార్థనగా పాడువానికి ఆ కుదింపు బాధ కలిగింపదు.

ఏ పాఠాంతరమును గ్రహింపవలెను అన్నది విద్వాంసులు తప్ప గమనింపని ప్రశ్న. వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లస్థానము అని త్యాగరాజశిష్యపరంపరలు మూడు ప్రధానముగా చెప్పబడును. ఒకే కృతి ఒక్కొక్క పరంపరలో ఒక్కొక్క తీరున నడచుట కలదు. సంగతులు మారును, కొన్నిచోట్ల మాటయు మారును. చిత్రములో ఒకమారు పాడినది లక్షలమంది చెవిన పడి, అదియే అసలు పాఠముగా స్థిరపడును. శిష్యులు నూరేండ్లు కాపాడిన భేదములను ఒక్క చిత్రము ఒక సంవత్సరమున చెరిపివేయగలదు. ఈ శక్తికి తగిన జాగ్రత్తను చిత్రకారులు ఎల్లప్పుడును చూపినారని చెప్పలేము.

నటుడే గాయకుడుగా నుండుట 1946నాటికే అంతరించుచున్న సంప్రదాయము. తెలుగు టాకీల తొలిదశలో పాడలేనివారికి వేషము దొరకుట అరుదు. నటులు కెమెరాయెదుట నిలిచి పాడుచుండగా వాద్యకాండ్రు చెట్లచాటునను, తెరలచాటునను దాగియుండి వాయించెడివారు. 1944లో వచ్చిన 'తహసీల్దారు' చిత్రములో ఎం.ఎస్. రామారావుగారు పాడిన పాటను తెలుగున తొలి నేపథ్యగానముగా చెప్పుదురు. అటుపిమ్మట పదేండ్లలో పాట ఒకరిది, రూపము ఒకరిది అగుట నియమమైపోయినది. ఈ మార్పు రాకకు ముందు గాయకుడే గాయకుని వేషము ధరించిన చివరి గొప్ప ఉదాహరణలు రెండు. ఒకటి 'త్యాగయ్య'. రెండవది 1945లో ఎల్లిస్ డంకన్ దర్శకత్వమున తమిళమునను, 1947లో హిందీలోను వచ్చిన 'మీరా'. మీరాగా ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు నటించి పాడినారు. ఆమెకు సరిగా రాణాపాత్ర ధరించినవారు నాగయ్యగారే. హిందీ 'మీరా'కు సరోజినీనాయుడుగారు తెరపై కనబడి పరిచయవాక్యములు పలికినారు. ఆ చిత్రముతరువాత సుబ్బులక్ష్మిగారు మరల నటింపలేదు. మీరా పాటలను మాత్రము జీవితాంతము కచేరీలలో పాడినారు. చిత్రము మరుగున పడినను పాత్ర ఆమె గొంతులో నిలిచినది.

నేపథ్యగానము వచ్చిన పిదప గాయకచరిత్రలకు ఒక స్వేచ్ఛ, ఒక సంకటము కలసివచ్చినవి. ముఖమునకు తగిన నటుని ఎన్నుకొనవచ్చును, గొంతునకు తగిన గాయకుని ఎన్నుకొనవచ్చును. కాని ఆ రెండును ఒక్క మనిషిగా అతుకునా అన్నది సంశయము. 1952నాటి హిందీచిత్రము 'బైజూ బావరా'లో ఈ అతుకు స్పష్టముగా తెలియును. అందు భరత్‌భూషణ్ బైజూగా నటించినాడు. కథ నడచుచోట్ల ఆయనకు మహమ్మద్ రఫీ పాడినాడు. కాని అక్బరు కొలువులో తాన్‌సేనుతో పోటీ వచ్చునప్పటికి, సంగీతదర్శకుడు నౌషాద్ సినిమాగాయకులను ప్రక్కనబెట్టి తాన్‌సేనుకు ఉస్తాద్ అమీర్‌ఖాన్‌ను, బైజూకు డి.వి. పలూస్కరును పిలిపించినాడు. ఒకే పాత్రకు రెండు గొంతులు ఏర్పడినవి: ప్రేమకు ఒకటి, విద్యకు ఒకటి. విద్వత్తును ప్రదర్శింపవలసిన చోట సినిమాపాట చాలదని చిత్రసీమయే ఒప్పుకొన్న ఘట్టమది.

తెలుగున అక్కినేని నాగేశ్వరరావుగారు ఇట్టి పాత్రలను హెచ్చుగా ధరించినారు. 'విప్రనారాయణ' (1954)లో ఆయనకు ఎ.ఎం. రాజా, 'భక్త తుకారాం' (1973)లో ఘంటసాల, 'మహాకవి క్షేత్రయ్య' (1976)లో వి. రామకృష్ణ పాడినారు. ముగ్గురు భక్తులు, ఒకే ముఖము, మూడు గొంతులు. ఆ ముఖము ప్రేక్షకులకు చిరపరిచితము గనుక విప్రనారాయణుడు, తుకారాము, క్షేత్రయ్య ఒకరికొకరు చుట్టములవలె కనబడుట తప్పలేదు. తుకారాము ప్రస్తావన వచ్చినది గనుక ఒక ముచ్చట చెప్పవలెను. 1936లో ప్రభాత్ సంస్థవారు మరాఠీలో తీసిన 'సంత్ తుకారామ్' భారతీయ చిత్రములలో అగ్రగణ్యము. తుకారాముగా విష్ణుపంత్ పాగ్నీసు స్వయముగా పాడి నటించినాడు. అందలి ఒక అభంగమును శాంతారామ్ ఆఠవలే అను గీతరచయిత చిత్రముకొరకు క్రొత్తగా వ్రాసినాడు. అది తుకారాము శైలిలో ఎంతగా ఒదిగినదనగా, పండితులు సైతము దానిని తుకారాము రచనగనే భావించినారు. కవికి ఇది గొప్ప ప్రశంస. చరిత్రకారునికి మాత్రము ఇది గుండెలదరు వార్త.

క్షేత్రయ్య చిత్రమును ఆదుర్తి సుబ్బారావుగారు ప్రారంభించి, 1975లో కాలధర్మము చెందగా, సి.ఎస్. రావుగారు పూర్తిచేసినారు. దానికి ఎదురైన కష్టము వేరు తీరుది. 17వ శతాబ్దినాటి ఆ మువ్వగోపాలపదములు శృంగారరసమున తడిసినవి. తంజావూరి విజయరాఘవనాయకుని కాలమునుండి అవి దేవదాసీకుటుంబములలో ఆటతోడను అభినయముతోడను బ్రతికినవి. 20వ శతాబ్దిలో వాని మాధుర్యమును వీణ ధనమ్మాళ్ కుటుంబమువారు కాపాడినారు. ఆ స్త్రీలు లేకున్నచో క్షేత్రయ్య పేరే మిగిలెడిది కాదు. కుటుంబప్రేక్షకులకై తీసిన భక్తిచిత్రములో అట్టివారికి దొరకు చోటు సహజముగనే ఇరుకు. క్షేత్రయ్యను భక్తునిగా నిలుపబోవునప్పుడు ఆయన పదములకు ప్రాణమిచ్చిన ఇండ్ల తలుపులు సగము మూసివేయక తప్పలేదు.

1981లో బాపుగారు 'త్యాగయ్య'ను మరల తీసినారు. అప్పటికి ఒక సంవత్సరము ముందు కె. విశ్వనాథ్‌గారి 'శంకరాభరణం' దేశమును ఊపివేసినది. అందలి శంకరశాస్త్రి కల్పితవ్యక్తి. చరిత్రకు జవాబు చెప్పవలసిన పని లేదు. ఆ పాత్రను ధరించిన జె.వి. సోమయాజులుగారు వృత్తిచేత డిప్యూటీ కలెక్టరు. సంగీతము పాడినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు, కూర్చినవారు కె.వి. మహదేవన్‌గారు. బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయసంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవారు కారు. ఐనను ఆ పాటలకు జాతీయపురస్కారము పొందినారు. ఈ ముగ్గురే క్రొత్త 'త్యాగయ్య'కును పనిచేసినారు. చిత్రకారుడైన బాపుగారి కన్ను పడిన ప్రతి దృశ్యము తీర్చిదిద్దినట్లుండును. ఐనను ఆ చిత్రమునకు మొదటి 'త్యాగయ్య'కు దక్కిన ఆదరణ దక్కలేదు. కారణము నటనలో వెదకుట వృథా. ప్రేక్షకుడు తెరపై త్యాగరాజును చూడబోయి శంకరశాస్త్రిని చూచినాడు. ఆ కన్నులు, ఆ నడక, ఆ గొంతు అప్పటికే మరియొక బ్రాహ్మణుని సొత్తు. వెనుకనుండి 1946నాటి నాగయ్యగారి నీడయు పడుచున్నది. కల్పితగాయకుడు ముందు వచ్చి నిజమైన గాయకుని స్థానమును ఆక్రమించుకొనుట చలనచిత్రచరిత్రలో వింతయే.

అన్నమయ్య విషయములో ఆధారములు లేవని చెప్పుటకు వీలు లేదు. ఆయన 1408లో తాళ్లపాకలో పుట్టి 1503లో పరమపదించినాడు. పదునారవయేట, 1424లో, సంకీర్తనరచన మొదలిడినట్లు తిరుమల రాగిరేకులే చెప్పుచున్నవి. ముప్పదిరెండువేల సంకీర్తనలని ప్రతీతి. దొరకినవి సుమారు పదునాలుగువేలు. మనుమడు చిన తిరువేంగళనాథుడు తాతగారి చరిత్రను ద్విపదకావ్యముగా వ్రాయగా, దానిని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించి 1949లో వెలువరించినారు. ఇంత సమగ్రమైన ప్రాచీనచరిత్ర మరి ఏ తెలుగు వాగ్గేయకారునికిని లేదు. అందు అన్నమయ్య బాలుడుగా ఉన్నప్పుడే ఇల్లు విడిచి యాత్రికులతో తిరుమలకు పోవును. కాళ్లకు చెప్పులతో కొండయెక్కుచు అలసి వెదురుపొదక్రింద పరుండగా అలమేలుమంగ పెద్దముత్తైదువగా వచ్చి బుద్ధి చెప్పును. ఇంత చక్కని కథ చేతిలో నుండగా, 1997లో కె. రాఘవేంద్రరావుగారు తీసిన 'అన్నమయ్య' నాయకుని యువకునిగా, ఇద్దరు మరదండ్రతో ఆటపాటలలో తేలువానిగా చూపిన పిదప గాని కొండ యెక్కింపలేదు. నాయకునిగా నాగార్జునగారిని తీసికొన్నప్పుడు ప్రేక్షకులు ఆశించునది వేరని నిర్మాతలు తలచియుందురు. మనుమని కావ్యములోని పసివాడు బేరములో పోయినాడు.

అన్నమయ్య పాటలలో ఇంకొక లోతైన చిక్కు కలదు. రాగిరేకులపై రాగముపేరు కలదు, స్వరము లేదు. 15వ శతాబ్దిలో ఆయన ఎట్లు పాడినాడో చెప్పగలవారు లేరు. ఈనాడు వినబడు వరుసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆదిగాగల వారు మన కాలమున కట్టినవి. త్యాగరాజు చిత్రమున కృతి ఒక్కటియైనను నిజము. అన్నమయ్య చిత్రమున సాహిత్యము మాత్రమే నిజము. ఎం.ఎం. కీరవాణిగారు ఆ చిత్రమునకు సంగీతము కూర్చి జాతీయపురస్కారము పొందినారు. అది సినిమాసంగీతము, సంప్రదాయము కాదు అని ఆక్షేపించినవారు, సంప్రదాయమన్నదియు తమ కాలమునాటిదేనని మరచినారు. ఆ చిత్రమున అన్నమయ్య జననమును కీర్తించు పాట వేటూరి సుందరరామమూర్తిగారిది. ఆయన ప్రభాకరశాస్త్రిగారి సోదరుని కుమారుడు. చరిత్రను పరిష్కరించినదియు, తెరకు పాట కట్టినదియు ఒకే ఇంటివారగుట చూడ ముచ్చటగా నున్నది.

ఆ చిత్రమునను నాయకునికి ప్రధానముగా పాడినవారు బాలసుబ్రహ్మణ్యంగారే. శంకరశాస్త్రి, త్యాగరాజు, అన్నమయ్య: ఒకరు కల్పితులు, మిగిలిన ఇద్దరికి నడుమ మూడు శతాబ్దములకు పైబడిన దూరము. తెలుగువాని చెవిలో మాత్రము ముగ్గురిదియు ఒక్కటే గొంతు. 2020లో బాలసుబ్రహ్మణ్యంగారు పోయినపుడు, ఎరుగకయే ఎందరో ఆ ముగ్గురిని గూడ తలచుకొని కన్నీరు పెట్టినారు.

రామదాసు చరిత్ర చారిత్రకకాలమునకే లొంగలేదు. కంచెర్ల గోపన్న 17వ శతాబ్దివాడు. గోలకొండ తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు అధికారి. కబీరు 15వ శతాబ్దివాడు. ఐనను రామదాసుకు కబీరు తారకమంత్రము ఉపదేశించినట్లు హరికథలు చెప్పును. 1964లో నాగయ్యగారు తీసిన 'రామదాసు'లో కబీరుగా గుమ్మడి వెంకటేశ్వరరావుగారు కనబడగా మహమ్మద్ రఫీ పాడినాడు; 2006నాటి 'శ్రీరామదాసు'లో కబీరుగా అక్కినేనివారే కనబడినారు. నలువది రెండేండ్ల ఎడమున ఇరువురు దర్శకులును ఈ కాలవ్యత్యాసమును సవరింపబూనలేదు. సవరించినచో ప్రేక్షకులు తమ రామదాసు కాడని లేచిపోవుదురని వారికి తెలియును. ఇచ్చట అసలు పాఠమును నిర్ణయించినది గ్రంథాలయము కాదు, పందిరి.

ధ్వనిముద్రణ వచ్చినపిదప పుట్టిన గాయకులను చిత్రించువారికి పై కష్టములన్నియు తలక్రిందులగును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని తలచుకొన్న చాలును. 1922లో చౌటపల్లెలో జననము, విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారివద్ద శిక్షణ, 1942 ఉద్యమమున కారాగారవాసము, మద్రాసులో ఆకలిదినములు, పిదప ముప్పదియేండ్ల వైభవము, 1974 ఫిబ్రవరిలో మరణము. కథకు కొరత లేదు. కాని ఆయన గొంతు ప్రతి ఇంట ఉన్నది. వేరొకరు పాడినచో పసిపిల్లవాడును పట్టుకొనును. ఆయన పాటనే వాడినచో నటుడు బొమ్మయైపోవును. ఫ్రెంచిగాయని ఎడిత్ పియాఫ్ జీవితముపై 2007లో వచ్చిన చిత్రములో మారియన్ కొటియార్ పియాఫ్ రికార్డులకే హెచ్చుగా పెదవులు కలిపినది. ఐనను ఊపిరి తీయుట, భుజము ముడుచుట, చేతులు వణకుట ఆమె తన దేహమునుండి తెచ్చుకొన్నది. పాట ఎవరిదైనను, పాడుటలోని శ్రమ నటిదైనది. తెలుగు చిత్రములలో గాయకపాత్రలు నోరు తెరచునే గాని ఊపిరి పీల్చుట అరుదుగా కనబడును.

నాగయ్యగారు 1965లో పద్మశ్రీ పొంది, 1973 డిసెంబరు 30వ తేదీన మద్రాసులో కన్నుమూసినారు. ఘంటసాలగారు పోవుటకు ఆరు వారములు ముందు. చేతికి ఎముక లేని దాతయని పేరు. చివరిదినములు లేమిలో గడచినవి. పానగల్ పార్కులో ఆయన శిలావిగ్రహము కలదు. ఆయన జీవితమును ఎవరైన తెరకెక్కింపదలచినచో అందు 'త్యాగయ్య' చిత్రీకరణ ఘట్టము ఉండక తప్పదు. మేకప్పు వేసికొన్న ఒక నటుడు, మేకప్పు వేసికొని త్యాగరాజైన నాగయ్యగారిగా, తంబుర పట్టి కూర్చుండవలెను. పాట మొదలైనపుడు 1946నాటి ఆ ఫిలింమీది గొంతునే వినిపింతురో, మరియొకరిచేత పాడింతురో, ఆ దర్శకుడే నిర్ణయించుకొనవలసి యుండును.